గురకకీ గుండెకీ సంబంధం ఉందా?

ప్రశ్న: మా బాబుకి 5 ఏళ్లు. రాత్రంతా గురక. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తాడు. టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే టాన్సిల్స్ లాంటి కండ) బాగా పెరిగాయని చెప్పి గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్ స్కాన్) రాశారు. ఎందుకు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఎకో రాయడం మంచిదేనమ్మా. పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్స్ అడ్డుపడి నిద్రలో గాలిదారి మూసుకున్నప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ తగ్గి, ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇలాగే చాలాకాలం సాగితే అక్కడ రక్తపోటు పెరిగి, గుండె కుడివైపు అలసిపోతుంది. అందరికీ అంతదాకా రాదు. వచ్చినా, సకాలంలో వాటిని తీసేసే ఆపరేషన్ చేస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారు. నేను పట్టుబట్టేది ఒకటే: ఆపరేషన్ అయిన రాత్రి బాబుని ఆసుపత్రిలోనే ఉంచి, ఆక్సిజన్ చూస్తూ ఉండమనండి. అడ్డు ఒక్కసారిగా తొలగాక అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈలోగా పెదాలు నీలంగా మారితే అర్ధరాత్రయినా తీసుకెళ్లండి.