పాత చెక్క పడవకు లంగరు జారుతోంది, అణియం (పడవ ముందు భాగం) దగ్గరి గుంజ కదులుతోంది. పెద్ద లంగరు కొంటే సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకర్థమైంది ఇది. 28 అడుగుల పాత చెక్క పడవ, ఒక తెరచాప, వెనక చిన్న ఇంజను. తాళ్ళరేవు దిగువన మడ అడవి పాయలో కట్టి ఉంచుతున్నారు. ఆటుపోట్లకు నీరు తిరిగినప్పుడల్లా లంగరు జారుతోంది. అణియం దగ్గర లంగరు మోకు (లావు తాడు) కట్టే గుంజ చేత్తో పట్టి ఊపితే కదులుతోంది. ఇప్పుడున్న 8 కేజీల నాలుగు కొక్కేల లంగరు తీసేసి 20 కేజీలది కొందామనుకుంటున్నారు.

ఇప్పుడే కొనకండి. లంగరు ఎంత గట్టిగా పట్టుకుంటే లాగుడంతా అంతగా ఆ గుంజ మీదే పడుతుంది. ఒక రకంగా మీ లంగరు జారుతుండబట్టే గుంజ ఇంకా ఊడకుండా ఉంది. ముందు గుంజ సంగతి చూడండి, తర్వాత మోకు, గొలుసు, ఆఖర్న లంగరు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి లంగరుకే డబ్బంతా పెట్టేస్తారు.

గుంజ కదిలిందంటే బోల్టులు వదులయ్యాయనుకుని నట్లు బిగించేస్తారు. అది పొరపాటు. పాత చెక్కలో ఇనుప బోల్టు తుప్పుపడితే దాని చుట్టూ ఉన్న చెక్క కూడా నల్లబడి మెత్తబడుతుంది. అలాంటి చోట నట్టు తిప్పితే వాషరు చెక్కలోకి దిగబడుతుంది తప్ప పట్టు రాదు. ఒక బోల్టు పూర్తిగా బయటికి తీయండి. తల బాగుంటుంది, నట్టూ బాగుంటుంది, మధ్యలో మాత్రం సన్నబడి ఉంటుంది. 12 మి.మీ. బోల్టు మధ్యలో 10కి వచ్చిందంటే మిగతావన్నీ కూడా మార్చాల్సిందే, వాటిని ఒక్కొక్కటే చూస్తూ కూర్చోనక్కర్లేదు. తర్వాత గుంజ డెక్కులోంచి కిందికి దిగే చోట, అడుగున అది కూర్చున్న గాడిలో, సన్న స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మంచి చెక్కలో మొన 2, 3 మి.మీ. కన్నా దిగదు. సుత్తితో తడితే కంగుమనాలి, మొద్దుగా పలికితే లోపల పోయినట్టే. ఇక్కడ ఉప్పునీటి కన్నా వాన నీరే శత్రువు. డెక్కు మీద పడ్డ వాన గుంజ వెంట జారి అడుగు గాడిలో నిలుస్తుంది. కుళ్లు అక్కడే మొదలై పైకి పాకుతుంది. అందుకే పైన రంగు నిగనిగలాడుతున్నా అడుగు పొడిపొడిగా రాలుతుంటుంది.

అడుగు కుళ్లితే ఎపాక్సీతో (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) నింపి సరిపెట్టకండి. తడి చెక్కకు ఎపాక్సీ అంటదు, ఆ కింద కుళ్లు హాయిగా పెరుగుతూనే ఉంటుంది. గుంజే మార్చాలి. మీ పడవకు 100 మి.మీ. చదరపు టేకు గుంజ చాలు. కొనేటప్పుడు చేవ చూసుకోండి, తెల్ల చెక్క అంచు ఒక్క పక్క ఉన్నా వద్దు. అడుగు గాడికి ఒక పక్క వేలు పట్టేంత రంధ్రం వేయించి నీరు బయటికి పోయేలా చూడండి. డెక్కు కింద 25 మి.మీ. గట్టి చెక్క పలక, దాని కింద 6 మి.మీ. ఇనుప ప్లేటు వేసి, బోల్టులు అడ్డంగా, నిలువుగా రెండు దిక్కులా పట్టేలా బిగించాలి. ప్లేటుకు కూడా కరిగిన జింకులో ముంచిన పూత వేయించండి. బోల్టులు కొనేటప్పుడు జాగ్రత్త. హార్డ్‌వేర్ కొట్లో తళతళలాడేవి, పసుపు రంగువి ఇస్తారు. వాటి మీద జింకు పొర పలచన, ఒక వానాకాలానికే పోతుంది. మీక్కావలసినవి జింకులో ముంచి తీసినవి, మసక బూడిద రంగులో కాస్త గరుకుగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ మేలు కదా అని అడుగుతారు. గాలి తగిలే చోట మేలే. తడి చెక్కలో, గాలి ఆడని చోట అది పైకి కనబడకుండా గుంటలు పడి విరుగుతుంది. గుంజ చుట్టూ, బోల్టుల కింద పాలీసల్ఫైడ్ గానీ పాలీయురేథేన్ గానీ సీలెంటు పెట్టండి. బాత్రూముల్లో వాడే సిలికాన్ వద్దు, అది చెక్కను వదిలేస్తుంది, పైగా ఆ జిడ్డు మీద ఇంకేదీ అంటదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో మర బోట్లన్నీ మరమ్మతుకు ఒడ్డెక్కుతాయి కాబట్టి మంచి వడ్రంగి, మంచి వెల్డరు దొరకరు. ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టుకోండి. పడవ ఒడ్డెక్కించాక అణియం ఒక్కటే ఎండనివ్వండి. మిగతా పలకల మీద తడి గోనె సంచులు కప్పి ఉంచకపోతే అవి ముడుచుకుపోయి, నీళ్లలో దించిన రోజు ప్రతి అతుకూ కారుతుంది.

తెరచాప కొయ్యను ముందుకు పట్టి ఉంచే ఇనుప తాడు కూడా అణియం దగ్గర ఇదే ఇనుముకు తగిలించి ఉంటే, గుంజతోపాటు దాని బోల్టులూ తీసి చూడండి. ఆ తాడు వెంట పాత నూలు గుడ్డ ఒకటి లాగితే, తెగిన తీగ ఎక్కడున్నా గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. ఒక్క తీగ తెగినా తాడు మార్చడమే. అణియం రోలరుకు (మోకు దొర్లుతూ పోయే చక్రం) గ్రీజు పూయకండి, మన బురదలోని సన్న ఇసుక దానికి పట్టి ఇరుసును అరగదీస్తుంది. మంచినీళ్లతో కడిగి, తిరుగుతోందో లేదో చూస్తే చాలు. తిరగని రోలరు మోకును కోస్తుంది.

ఇక మోకు ఎంత వదలాలి? లంగరు జారడానికి అసలు కారణం సగం ఇక్కడే ఉంటుంది. మనవాళ్లు లోతును బారల్లో చూసుకుని పాటు (నీరు తగ్గిన వేళ) లెక్కన మోకు వదిలేస్తారు. పున్నమి, అమావాస్యలకు కాకినాడ దగ్గర ఆటుపోట్ల తేడా సుమారు మీటరున్నర. పాటులో లోతు రెండున్నర మీటర్లు అనుకోండి. పోటుకు ఒకటిన్నర కలపండి, నీటి మీద అణియం ఎత్తు ఒక మీటరు కలపండి, మొత్తం 5. దానికి 7 రెట్లు, అంటే 35 మీటర్లు వదలాలి. పాటు లోతు ఒక్కటే చూసి 7 రెట్లు వేస్తే పదిహేడున్నరే వస్తుంది. నీరు పెరిగేసరికి అది మూడున్నర రెట్లే, లంగరు కాడ పైకి లేస్తుంది, కొన బురదలోంచి ఊడుతుంది. గాలివాన ఉంటే 10 రెట్లు వదలాలి. బార మనిషిని బట్టి మారుతుంది కాబట్టి మోకు మీద ప్రతి 5 మీటర్లకూ రంగు గుడ్డ పీలిక దూర్చి గుర్తు పెట్టుకోండి.

మీ పడవకు 8 మి.మీ. పొట్టి లింకుల గొలుసు 10 మీటర్లు, దాని వెనక 14 మి.మీ. మూడు పురుల నైలాన్ మోకు 50 మీటర్లు సరిపోతాయి. ఆ గొలుసు మీటరుకు 1.4 కేజీల చొప్పున సుమారు 14 కేజీలు తూగుతుంది. ఈ బరువే లాగుడును నేల బారున ఉంచుతుంది. గొలుసుకు పైతుప్పు ఎంత ఉందన్నది కాదు, లింకు లింకుతో రాసుకునే లోపలి వంపు చూడాలి. వెర్నియర్ పెట్టి కొలవండి. 8 మి.మీ. ఉండాల్సింది 7కి వస్తే ఆ ముక్క పనికిరాదు. అరుగుదల లంగరు వైపే ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి గొలుసు తిప్పి తగిలించండి. గొలుసును లంగరుకు కలిపే షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం) 10 మి.మీ.ది తీసుకోండి, మోయగల బరువు దాని మీద అచ్చుపడి ఉండాలి. పిన్ను బిగించి, కంటిలోంచి తీగ దూర్చి రెండు చుట్లు కట్టాలి. ఆ తీగ లేకపోతే నీరు తిరిగే ప్రతిసారీ పిన్ను కొంచెం కొంచెం వదులవుతుంది. జింకు గొలుసుకు స్టెయిన్‌లెస్ స్వివెల్ (మెలి పడకుండా తిరిగే లింకు) తగిలించకండి, ఉప్పునీటిలో అది పక్క లింకుల జింకును తినేస్తుంది. ఈ సైజు పడవకు స్వివెల్ లేకపోయినా నష్టం లేదు.

కొట్లో మోకు అడిగితే ముందుగా చేతికిచ్చేది నీలం, ఆకుపచ్చ రంగు పాలీప్రొపిలీన్. చవకే కానీ నీటి మీద తేలుతుంది, పక్క బోటు ఇంజను ఫ్యాను దాన్ని కోసుకుపోతుంది. ఎండకు పీచులు లేచి రాలిపోతుంది. నైలాన్ మునుగుతుంది, సాగుతుంది. ఆ సాగడమే మీ కొత్త గుంజకు రక్ష. గొలుసు వైపు కొసకు ఇనుప థింబుల్ (మోకు అరగకుండా మెలిక లోపల పెట్టే గాడి ఉంగరం) పెట్టి పురులు అల్లించండి, నైలాన్ జారుడుది కాబట్టి 5 అల్లికలకు తగ్గకూడదు. ముడి వేస్తే మోకు బలంలో మూడో వంతు పోయినట్టే. రోలరు మీద రాసుకునే చోట కాన్వాస్ గుడ్డ గానీ పాత ఫైర్ హోసు గానీ తొడగండి. గట్టి ప్లాస్టిక్ పైపు వద్దు, గాలివానలో మోకు సాగుతూ ముడుచుకుంటూ లోపల వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోవాలి, నీరు లోపలికి రావాలి.

లంగరు విషయానికొస్తే, నాలుగు కొక్కేలది రాళ్లలో పనికొస్తుంది, మడ పాయ బురదలో మాత్రం జుట్టులోంచి దువ్వెన పోయినట్టు పోతుంది. మీకు కావలసింది రెండు వెడల్పు రెక్కలు మడత మీద తిరిగే డాన్‌ఫోర్త్ రకం, 12 నుంచి 15 కేజీలది. వెల్డింగ్ షాపులో చేయిస్తే కాడకూ రెక్కకూ మధ్య కోణం 30 డిగ్రీలకు కాస్త పైన ఉండేలా కొలిచి తీసుకోండి. కొందరు 60 దాకా తెరిచేస్తారు, అలాంటిది ఇసుకలో అసలు దిగదు. వేశాక వెంటనే రివర్సు కొట్టకండి. పావుగంట ఆగితే తన బరువుకు తానే కూరుకుంటుంది, తర్వాత ఇంజను నెమ్మది మీద లాగండి.

ఈ రకానికీ ఒక లోపముంది. నీరు పోటు నుంచి పాటుకు తిరిగినప్పుడు బోర్లా పడి ఊడొచ్చు, గొలుసు రెక్కకు చుట్టుకుంటే మళ్లీ పట్టదు. కాబట్టి పాయలో రెండు లంగర్లు వేయండి, ఒకటి ఎగువకు, ఒకటి మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) వైపు. రెండు మోకులూ అణియం నుంచే పోవాలి. ఒకటి వెనక కడితే పడవ నీటికీ గాలికీ అడ్డం తిరుగుతుంది. మొదటిది వేసి, నీటి వాలున, వదలాల్సిన మోకుకు రెండింతల దూరం జారి, రెండోది వేసి, మొదటి మోకు సగం వెనక్కి లాక్కోవాలి. ఆ కాసేపు మొదటి మోకు 70 మీటర్లు కావాలి, చాలకపోతే ముందే ఇంకో మోకు అతికి ఉంచుకోండి. రెండూ పెనవేసుకుంటాయి, రోజుకోసారి విప్పుకోవాలి. ఇంత శ్రమ వద్దని చెట్లకు కట్టేవాళ్లున్నారు. కోరంగి మడ అడవిలో అభయారణ్యం హద్దుల లోపల ఆ పని చేయకండి, బెరడు ఒరిసిపోతే మడ చెట్టు చస్తుంది, కేసు కూడా పడుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలో లెక్క వేరు. నీరు ఒకే దిక్కు లాగుతుంది కాబట్టి రెండోదాన్ని కూడా ఎగువకే వేయొచ్చు. అప్పుడు ప్రమాదం గుర్రపుడెక్క. మోకుకు చాప మాదిరి పేరుకుంటే ఏ లంగరూ ఆగదు. గెడతో తోసేస్తూ ఉండాలి, దుంగ వచ్చి పడితే మోకు వదిలేయాలి. అందుకే మోకు లోపలి కొసను పడవకు షాకిల్‌తో బిగించకూడదు. సన్న తాడుతో, కత్తి అందేలా, డెక్కు మీదికి వచ్చేంత పొడవు ఉంచి కట్టాలి. కొసకు ఒక తేలుడు డబ్బా కట్టి ఉంచితే లంగరు తర్వాత వెతుక్కోవచ్చు.

గొలుసు పెట్టే అరలో నీరు పోయే రంధ్రం బురదతో మూసుకుపోతుంటుంది, ప్రతిసారీ పుల్లతో పొడవండి. అక్కడ నిలిచిన నీరు చేరేది మళ్లీ గుంజ అడుక్కే.

బోల్టు ఒకటి తీశాక దాని ఫొటో, గుంజ అడుగు గాడి ఫొటో ఇక్కడ పెట్టండి. గుంజ మార్చాలా, బోల్టులు మారిస్తే చాలా అన్నది అవి చూసి చెప్పొచ్చు.