పాత గోడ మన్నుతో కట్టిన గది

హన్మకొండ దగ్గర పల్లెలో 300 గజాల స్థలం కొన్నారు, ఓ మూల వేపచెట్టు ఉంది, చుట్టూ పొలాలు. ప్రకృతిలో కలిసిపోయేలా ఇల్లు కట్టాలంటే ఎలాంటి డిజైన్ మంచిదని మీ ప్రశ్న. డిజైన్ సంగతి తర్వాత. ముందు ఆ స్థలంలో మే నెల మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పెద్ద వాన పడుతున్నప్పుడు ఒకసారి నిలబడి చూడండి. ఎండ ఏ గోడను కాలుస్తుందో, నీళ్ళు ఏ దారిన పోతాయో చూడకుండా గీసిన ప్లాన్ మీద నాకు నమ్మకం లేదు. చేతులు కాల్చుకున్నాక తెలిసింది నాకు.

మాది పరకాల దగ్గర పల్లె. తాత కట్టిన మట్టిగోడల పెంకుటింటిని 2018లో పడగొట్టించాం. వాసాలకు చెదలు పట్టాయి, కోతులు పెంకులు పీకేస్తున్నాయి, ఏటా పెంక సర్దడానికి మనిషి దొరకడం లేదు. జేసీబీ వస్తే గంటలో పనైపోతుందనుకున్నాను. మూరెడు మందం గోడ, అంత తేలిగ్గా పడలేదు. తెగిన చోట చూస్తే ఎర్రమన్ను వరుసల మధ్య వరిగడ్డి పోచలు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. లోపలివైపు సున్నం పొరలు ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి: తెలుపు, నీలం, మళ్ళీ తెలుపు. ఏ పండక్కి ఏ రంగు వేశారో అమ్మ చెబుతూనే ఉంది.

మన్ను ఎత్తించడానికి ట్రాక్టర్ మాట్లాడుతుంటే మా వాడలో ఉండే ముసలి సుతారి, అంటే గోడలు కట్టే మేస్త్రి, వచ్చాడు. ఒక గడ్డ తీసి చేతిలో నలిపి, "ఇది మీ తాత కాళ్ళతోని తొక్కిన మన్ను బిడ్డా. నీళ్ళు పోసి తొక్కితే మళ్ల గోడైతది. సిమెంటు ఇట్లయితదా?" అన్నాడు. నేను వినలేదు. సగం మన్ను వెళ్ళిపోయింది, మిగతాది పెరట్లో కుప్పగా పడి ఉంది.

కొత్త ఇల్లు స్లాబ్. రోడ్డు పడమర వైపు కాబట్టి కాంట్రాక్టర్ ఎలివేషన్ కోసం, అంటే ముందువైపు అందంగా కనిపించాలని, హాలుకు ఆ వైపే పెద్ద అద్దం పెట్టించాడు. మొదటి ఎండాకాలం రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెడితే కాలింది. ఫ్యాన్ కింద నిప్పుల గాలి. అమ్మ మంచం తీసుకుని వేపచెట్టు కిందికి వెళ్ళిపోయింది. కొడుకు లక్షలు పోసి ఇల్లు కడితే తల్లి చెట్టు కింద పడుకోవడం చిన్న బాధ కాదు.

ఈ ఎలివేషన్ పిచ్చి మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. 44 డిగ్రీలు కాసే ఊళ్ళో అద్దాలు, మెరిసే రేకులు తగిలించి, ఆ వేడికి రెండు ఏసీలు పెట్టుకోవడం ఏం తెలివి? 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టినవాళ్ళు పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. నేల ఏంటో, బరువెంతో చూసుకుని కట్టారు.

2020లో అదే సుతారిని బతిమాలి, మిగిలిన మన్నుతో పెరట్లో వేపచెట్టు పక్కన ఒక గది కట్టించాను. మన్నులో నీళ్ళు పోసి, కొత్త గడ్డి తరిగి వేసి, రెండు రోజులు నానబెట్టి తొక్కారు. వరుస పెట్టడం, అది ఆరాక పైవరుస. మట్టిగోడకు శత్రువు నీళ్ళే. అందుకని కింద రెండడుగులు బండరాయి, పైన రెండున్నర అడుగులు బయటికి వచ్చే చూరు. పడమర వైపు కిటికీ పెట్టలేదు. లోపలా బయటా సున్నమే పూశాం. సిమెంటు ప్లాస్టరింగ్ మట్టిని పట్టుకోదు, తేమను బయటికి పోనివ్వదు, కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. కప్పుకు దాచిన పాత పెంకులే, కోతుల కోసం పైన ఇనుప జాలీ. అన్నట్టు, మీది నల్లరేగడి అయితే దాన్ని నేరుగా వాడకండి, ఎండితే బీటలిస్తుంది.

థర్మామీటర్ పెట్టి కొలవలేదు. అవసరం రాలేదు. అమ్మ ఇప్పుడు మే నెలలో కూడా అన్నం తిని ఆ గదిలోనే పడుకుంటుంది, దుప్పటి అడుగుతుంది. వరంగల్ ఎండకు మట్టిగోడను మించింది లేదని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇటుకతోనే కట్టాలంటే కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వాడిన ర్యాట్ ట్రాప్ పద్ధతి అడగండి. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, పావు వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది.

వాన సంగతి మరవకండి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పొర్లితే, నీళ్ళు కింది చెరువుకు పోవాలి. ఆ దారిలోనే మనం ప్లాట్లు వేశాం. 2023 జూలైలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. ఇల్లు మొదలుపెట్టేముందు ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే వాగు ఎటు పోయేదో వేలితో చూపిస్తారు. వాస్తుకు పెట్టే టైమ్‌లో సగం దీనికి పెట్టండి. మీ స్థలంలోని వేపచెట్టును మాత్రం ఈశాన్యమని చెప్పి ఎవరైనా కొట్టించబోతే ఒప్పుకోకండి.

మా పెరట్లో తొక్కిన పాత మన్ను ఇంకో రెండు ట్రాక్టర్లు ఉంది. మీ పునాది పడ్డాక చెప్పండి, వచ్చి తీసుకెళ్ళొచ్చు.