కోవర్కింగ్ సీటు కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, విద్యానగర్. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. చేతికొచ్చేది 48,000. ఇంట్లో అన్నయ్య పిల్లల గోల, నాన్నగారి టీవీ, మధ్యమధ్యలో కరెంటు పోవడం. మంగళ, గురువారాల్లో క్లయింట్ కాల్స్ ఉంటాయి, ఆ రెండు రోజులంటే టెన్షన్. అందుకే వారానికి నాలుగు రోజులు కేఫ్‌లో కూర్చుంటున్నాను. అక్కడ రోజుకు 350 అవుతుంది, రానూపోనూ ఆటోకి 120. హిమాయత్‌నగర్‌లో కోవర్కింగ్ సీటు (నలుగురూ పంచుకునే ఆఫీసులో అద్దెకిచ్చే బల్ల) నెలకు 6,500 ప్లస్ జీఎస్‌టీ, రోజువారీ అయితే 450 ప్లస్ జీఎస్‌టీ అన్నారు. నెలకు కడుతున్న 6,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి) ఆపి ఆ సీటు తీసుకుందామనుకుంటున్నాను. గ్రూప్స్‌కి చదువుతున్న తమ్ముడి రీడింగ్ రూమ్ ఫీజు 1,500 కూడా నేనే కడతాను. అది మాన్పించి లైబ్రరీకి పంపమంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, సిప్ ఆపకండి. ఆ సీటుకి కావాల్సిన డబ్బు ఇప్పటికే మీ చేతిలోంచి పోతోంది. మీరు రాసిన లెక్కే తీసుకుందాం. రోజుకు 470, నెలకు సుమారు 17 రోజులు, మొత్తం 7,990. ఒక్కసారిగా కట్టేది కాదు కాబట్టి ఇది ఖర్చులా అనిపించదు. ఒక కాఫీ, గంట తర్వాత ఒక శాండ్‌విచ్, ఖాళీ కప్పు ముందు కూర్చోలేక మొహమాటానికి ఇంకో కాఫీ. ఫోన్‌తో స్కాన్ చేయడం, మర్చిపోవడం. సిప్ మాత్రం నెలనెలా ఒక్క మొత్తంగా ఖాతాలోంచి వెళ్తుంది కాబట్టి చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. నా దగ్గరికి వచ్చే చాలామంది విషయంలో చూస్తున్నదే ఇది.

అలాగని కోవర్కింగ్ సీటు నెలకి తీసుకోమని కూడా చెప్పను. 6,500కి 18 శాతం జీఎస్‌టీ కలిపితే 7,670. రోజు పాస్ 531 పడుతుంది. నెలలో 15 రోజులు వెళ్తేనే నెల సీటు గిట్టుబాటవుతుంది. మీకు నిజంగా తలుపు వేసుకుని మాట్లాడాల్సిన రోజులు ఎన్ని? వారానికి రెండు, అంటే నెలకు దాదాపు తొమ్మిది. ఆ తొమ్మిది రోజులకు పాస్ తీసుకుంటే 4,779. పాస్ కొనేముందు ఒక్కటి అడగండి: కాల్స్ మాట్లాడుకునే చిన్న గది పాస్‌లోనే వస్తుందా, గంటకింత అని విడిగా కట్టాలా? అది విడిగా అయితే ఈ లెక్క మారిపోతుంది.

కాల్స్ లేని రోజుల్లో మీకు కావాల్సింది ఒక బల్ల, కాస్త నిశ్శబ్దం. దానికి హైదరాబాద్‌లో పైసా ఖర్చు లేని చోట్లు ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఆ ఎత్తైన కప్పుల కింద కూర్చుంటే మనసు తనంతట తానే కుదుటపడుతుంది. సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి పెద్దలు పట్టుబట్టి నిలబెట్టిన చోటు అది. మీ పనికి పనికొస్తుందో లేదో పక్కన పెట్టి అయినా ఒకసారి చూసి రండి. ఏ లైబ్రరీ అయినా ముందు ఒక పూట ఊరికే వెళ్లి సెలవు ఏ రోజు, ల్యాప్‌టాప్‌తో కూర్చోనిస్తారా, ప్లగ్ ఎక్కడుంది అన్నవి కనుక్కోండి. చార్జింగ్ ఇంట్లోనే నింపుకుని, నెట్‌కి మీ ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. అందరూ వాడే వైఫై మీద కంపెనీ ఫైళ్లు, బ్యాంకు లావాదేవీలు వద్దు.

బంజారాహిల్స్ వైపు పనిపడితే లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. 2010 నుంచి నడుస్తోంది. తక్కువ ధరకు టీ, సమోసా దొరుకుతాయి. సాయంత్రం నాటకాలు, చర్చలు మొదలవుతాయి, అందుకే పగటి పనికే పెట్టుకోండి. విద్యానగర్ నుంచి రోజూ వెళ్లేంత దగ్గర మాత్రం కాదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మీకు అన్నిటికన్నా దగ్గర. అయినా అక్కడికి వెళ్లమని నేను చెప్పను. పొద్దున్నే అక్కడి సీట్లు ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండిపోతాయి. లోపల చోటు దొరక్క ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదివేవాళ్లున్నారు. జీతం వస్తున్న మనం ఆ కుర్చీ ఒకటి తగ్గించకూడదని నా మనసు చెబుతుంది.

ఇక ఆటో. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ దగ్గర పెట్టుకుంటే చాలు. లైబ్రరీకైనా, హిమాయత్‌నగర్‌కైనా బస్సులోనే వెళ్లండి. పాస్‌లకు 4,779, లైబ్రరీ రోజుల్లో టీకి రోజుకు 40 చొప్పున ఎనిమిది రోజులకు 320. మొత్తం 5,099. ఇప్పటి ఖర్చు కంటే 2,891 తక్కువ.

మిగిలిన శుక్రవారం ఇంట్లోనే. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగేది రౌటరే. దానికి పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు రెండు వేల లోపు దొరుకుతాయి. మొదటి నెల మిగులుతో అది కొనండి. తర్వాతి నెల నుంచి ఆ మిగులును రికరింగ్ డిపాజిట్‌లో వేసి, కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా కదపకండి. దూరాన ఉన్న కంపెనీ ఉద్యోగం ఒక్క మెయిల్‌తో పోవచ్చు, ఆ నిల్వ ఉండి తీరాలి.

వీటన్నిటికంటే ముందు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాయండి. క్లయింట్ కాల్స్ రోజులకు డెస్క్ పాస్ ఖర్చు ఇస్తారేమో అడగండి. అడగడానికి సంకోచపడకండి, బెంగళూరు ఆఫీసులో మీకివ్వాల్సిన కుర్చీ ఖర్చు వాళ్లకి మిగులుతోంది. కంపెనీ పని ఖర్చును బిల్లుల మీద తిరిగి ఇస్తే మామూలుగా దాన్ని మీ జీతంగా లెక్కించి పన్ను వేయరు. అదే మీరు సొంతంగా పెట్టుకుంటే, జీతం మీద బతికేవాళ్లు దాన్ని విడిగా తగ్గించి చూపించుకోలేరు. కొత్త పన్ను విధానంలో జీతంలోంచి బిల్లులు అడగకుండా తగ్గించే 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తోనే సరిపెట్టుకోవాలి.

తక్కువకి వస్తుందని ఎవరైనా ఏడాది ప్లాన్ చూపిస్తే సంతకం పెట్టకండి. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో 11 నెలలకు ఒక సీటు తీసుకున్నాను. ఐదో నెలలో ఖాళీ చేస్తే, నోటీసు 60 రోజులని రాసి ఉందంటూ రెండు నెలల డిపాజిట్ అంతా పట్టుకున్నారు. కాగితంలో నిజంగానే రాసి ఉంది, నేను చదవలేదు. ఆ డబ్బు పోయిన నెల ఇంట్లో ఎంత ఇబ్బంది పడ్డామో నాకింకా గుర్తుంది.

తమ్ముడి 1,500 మాత్రం మాన్పించకండి. రోజూ అదే కుర్చీ, రాత్రి దాకా దీపం, పక్కన అదే పరీక్షకు చదివేవాళ్లు, ఇవి ఇంట్లో దొరకవు. లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పరుగెత్తితే చదివే గంటలే తగ్గుతాయి. నాన్నగారికి ఈ మాట చెప్పండి. ఫీజు మాత్రం ఆరు నెలలది ఒకేసారి కాకుండా, ఏ నెలకానెల కట్టండి. నోటిఫికేషన్ తేదీలు ఎలా వెనక్కి జరుగుతుంటాయో మీ తమ్ముడికి నాకన్నా బాగా తెలుసు.