న్యాయ సందేహాలు: జనాగ్రహం కేసును ఎక్కడ దెబ్బతీస్తుంది?

ఘోరమైన నేరం జరిగినప్పుడు రోడ్డెక్కే కోపం గురించి, ఆ తర్వాత కోర్టులో కేసు ఏమవుతుందన్న దాని గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: దోపిడీ, హత్య కేసులో దొరికినవాళ్లను పోలీసులు ముసుగులు వేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టారు. సాయంత్రానికల్లా వాళ్ల ఫొటోలు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. అలాంటప్పుడు ఆ ముసుగు ఎందుకు? నేరం ఒప్పుకున్నారని కూడా చెప్పారు కదా, ఇంకా విచారణ దేనికి? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముసుగు వేసేది గుర్తింపు పరేడ్ కోసం. దొంగను అంతకుముందు ఎన్నడూ ఎరగని సాక్షి, ఘటన జరిగిన ఆ కాసేపట్లోనే అతని మొహం చూసి ఉంటాడు. ఆ జ్ఞాపకం నిజమో కాదో తేల్చడానికి జైల్లో పరేడ్ పెడతారు. దాన్ని నడిపేది మేజిస్ట్రేటు. పోలీసులు అక్కడ ఉండకూడదు. నిందితుడి వయసు, ఎత్తు, పోలికలకు దగ్గరగా ఉన్న మరికొందరిని పక్కన నిలబెడతారు. వరసలో ఎక్కడ నిలబడాలో నిందితుడు తానే ఎంచుకోవచ్చు, ఒక్కో సాక్షి వచ్చి వెళ్లాక చోటు మార్చుకోవచ్చు. సాక్షులను ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తారు, చూసి వెళ్లినవారిని ఇంకా చూడనివారితో కలవనివ్వరు. పరేడ్‌కు నిందితుణ్ని పంపే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 54వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది.

ఫొటో ముందే టీవీలో వచ్చిందంటే ఈ శ్రమంతా వృథా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు వేసే మొదటి ప్రశ్నే ‘పరేడ్‌కు ముందు ఇతని ఫొటో చూశారా?’ అని. ‘చూశాను’ అన్న ఒక్క మాటతో, సాక్షి గుర్తుపట్టింది నేరస్థుణ్నా, టీవీలో చూసిన మొహాన్నా అన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ముద్దాయికి మేలు చేస్తుంది. పరేడ్‌కు రానని నిందితుడు మొండికేస్తే మామూలుగా అది అతనికే చేటు, కానీ ఫొటో బయటికొచ్చిన కేసులో అతని అభ్యంతరాన్ని కోర్టు సబబేనని ఒప్పుకోవచ్చు. అసలు నేరస్థుడే దొరికినా ఇలాంటి కేసు వీగిపోగలదు. ఫొటో పంచుకున్నవాళ్లు బాధితుల పక్షాన నిలబడ్డామనుకుంటారు గానీ, వాళ్ల చేతుల మీదుగానే ఒక సాక్ష్యం పోయింది.

ఇక ‘ఒప్పుకున్నాడు’ అన్న మాట. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడటానికి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ఒప్పుకోదు. అతను చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరికిన విషయానికి నేరుగా సంబంధించిన మాటల వరకే పనికొస్తాయి. కత్తి ఎక్కడ దాచాడో చెప్పింది పనికొస్తుంది, ‘నేనే చంపాను’ అన్నది పనికిరాదు. ప్రెస్‌మీట్ చూసినవాళ్లకు ఈ తేడా తెలియదు. రేపు కోర్టు కేసు కొట్టేస్తే ‘ఒప్పుకున్నవాణ్ని వదిలేశారు’ అంటారు. పోలీసులు విలేకరులతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు తయారుచేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను ఆదేశించింది కూడా.

ప్రశ్న: మా బంధువుల అబ్బాయి ఒక సంచలన కేసులో అరెస్టయ్యాడు. అతని తరఫున ఎవరూ వాదించకూడదని స్థానిక బార్ అసోసియేషన్ తీర్మానం చేసిందట. ఏ లాయరూ వకాలత్ వేయడానికి ముందుకు రావడం లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆ తీర్మానం చెల్లదు. మహమ్మద్ రఫీ కేసులో 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి తీర్మానాలన్నీ రాజ్యాంగానికి, న్యాయవాద వృత్తి ధర్మానికి విరుద్ధమని తేల్చింది. ఉగ్రవాది అయినా, అత్యాచార నిందితుడైనా సరే. నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు 22(1) అధికరణం ఇచ్చింది.

ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఇది సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వడానికి 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయ పరిమితి లేదు, కాబట్టి ఆ కారణంతో తిప్పి పంపితే ఊరుకోకండి. అబ్బాయి రిమాండ్‌లో ఉంటే జైలు సూపరింటెండెంటు ద్వారా కూడా దరఖాస్తు పంపవచ్చు. కోర్టులో హాజరుపరిచిన ప్రతిసారీ ‘నాకు లాయరు లేరు’ అని మేజిస్ట్రేటుతో అతను తన నోటితో చెప్పాలి. భయపడి మౌనంగా ఉంటే ఆ సంగతి రికార్డుకు ఎక్కదు. విచారణలో లాయరు లేని, పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 341వ సెక్షన్ చెబుతోంది.

ఇచ్చిన లాయరుకు కేసు చదువుకునే వ్యవధి ఉందా అన్నది కూడా చూసుకోండి. పేరుకు లాయరు ఉండి, కీలక సాక్షిని ఒక్క ప్రశ్నా అడగకపోతే లేనట్టే లెక్క.

ఆ ఊళ్లో విచారణే సవ్యంగా జరగదనిపిస్తే కేసు బదిలీ అడగవచ్చు. ఒకే సెషన్స్ డివిజన్‌లో వేరే కోర్టుకైతే మొదట సెషన్స్ జడ్జిని అడగాలి (బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 448), ఆయన కాదన్నాకే హైకోర్టు (447). వేరే జిల్లాకైతే నేరుగా హైకోర్టు, వేరే రాష్ట్రానికైతే సుప్రీంకోర్టు (446). ‘భయంగా ఉంది’ అని ఊరికే రాస్తే పిటిషన్ నిలవదు. బార్ తీర్మానం ప్రతి, కోర్టు దగ్గర గొడవ జరిగిన తేదీలు, బెదిరింపులపై మీరిచ్చిన ఫిర్యాదు, వార్తల కత్తిరింపులు అఫిడవిట్‌కు జతచేయాలి.

ప్రశ్న: మన దగ్గర జ్యూరీ లేదు. జడ్జి చదువుకున్న మనిషి, టీవీ చర్చలకు లొంగుతారా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో పత్రికల హోరు మధ్య జ్యూరీ 8–1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయం సరికాదని హైకోర్టుకు పంపారు, హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ విచారణే లేకుండా పోయింది. కాబట్టి తీర్పు రాసే జడ్జి విషయంలో మీ మాటలో నిజం ఉంది.

అయితే అసలు నష్టం అంతకు చాలా ముందే, పోలీసు స్టేషన్లో జరుగుతుంది. ‘ఇన్ని రోజులైనా ఎవర్నీ పట్టుకోలేదా?’ అన్న ఒత్తిడికి, దొరికినవాడి చుట్టూ కేసు అల్లడం మొదలవుతుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2008లో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపిన మనిషికి ఆ ఏళ్లు తిరిగి రావు. కేసు సీబీఐకి వెళ్లేసరికి పదేళ్లు దాటాయి. తొలి రోజుల్లో దొరకాల్సిన ఆధారాలు అంత కాలం తర్వాత ఎలా దొరుకుతాయి? ఆ అమ్మాయి తల్లిదండ్రులకు దక్కాల్సిన న్యాయమూ దక్కలేదు.

సాక్షుల విషయమూ ఉంది. టీవీ మైకు ముందు సాక్షి ఆవేశంలో కొంత కలిపి చెబుతాడు. కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పినా, ఆ పాత వీడియో తెచ్చి ‘అప్పుడలా, ఇప్పుడిలానా?’ అని నిలదీస్తారు. నిజం చెప్పిన సాక్షి అబద్ధాలకోరుగా కనిపిస్తాడు.

చట్టంలో ఒక ఖాళీ కూడా ఉంది. విచారణను దెబ్బతీసే ప్రచారం ధిక్కారమయ్యేది కేసు పెండింగ్‌లో ఉన్నప్పుడే. 1971 కోర్టు ధిక్కార చట్టం 3వ సెక్షన్‌కు క్రిమినల్ కేసు ‘పెండింగ్’ అయ్యేది చార్జిషీటు వేసినప్పటి నుంచో, సమన్లో వారెంటో జారీ అయినప్పటి నుంచో. చానళ్ల హోరు ఎక్కువుండేది దానికి ముందే. బొంబాయి హైకోర్టు 2021 జనవరిలో ఆ దశలోనూ హద్దులున్నాయని చెప్పింది: సాక్షుల ఇంటర్వ్యూలు, నేరం జరిగిన తీరును నటించి చూపడం, పోలీసుల ముందు ఒప్పుకోలును రుజువులా ప్రసారం చేయడం వద్దంది.

ప్రశ్న: 21 రోజుల్లో తీర్పు ఇస్తే ఎన్‌కౌంటర్లు కోరే అవసరమే రాదు కదా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: జాప్యం మీద మీ కోపం న్యాయమైనదే. 2019 దిశ ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన బిల్లులో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకి రాలేదు. డీఎన్‌ఏ నివేదిక రావాలి, సాక్షులు రావాలి, ముద్దాయి లాయరు కాగితాలు చదవాలి. ఇవన్నీ ఆ 21 రోజుల్లో అయ్యేలా ల్యాబులను, కోర్టులను పెంచకుండా గడువు మాత్రమే రాస్తే, కోత పడేది ముద్దాయి లాయరు సమయంలోనే.

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో అదే జరిగింది. ఢిల్లీ బస్సు ఘటన జరిగిన కొద్ది వారాలకే ఒక చిన్నారి హత్య జరిగింది. అనోఖీలాల్ అనే అతని మీద విచారణ 13 రోజుల్లో ముగించి ఉరిశిక్ష వేశారు. ప్రభుత్వం ఇచ్చిన లాయరు వచ్చిన రోజే అభియోగాలు నమోదు చేశారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, విచారణ మళ్లీ మొదటి నుంచి జరపమంది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో న్యాయ సహాయం కింద ఇచ్చే లాయరుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి సాధారణంగా కనీసం 7 రోజులు ఇవ్వాలని నియమం పెట్టింది. చివరికి 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. 13 రోజుల తొందరను సరిదిద్దడానికి పదకొండేళ్లు పట్టింది, ఆ పాపను చంపిందెవరో ఈ కేసులో తేలనేలేదు.

ఎన్‌కౌంటర్ సంగతికొస్తే, నిందితుడు చనిపోగానే అతని మీద విచారణ ముగిసిపోతుంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయారు. జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ విచారించి, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని చెప్పింది, ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఆ నలుగురి మీద పోలీసులు చూపిన ఆధారాలు సరైనవో కాదో ఏ సెషన్స్ కోర్టూ పరీక్షించలేదు. ఇంకెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు బాధిత కుటుంబానికి కోర్టు జవాబు చెప్పే వీలే లేకుండా పోయింది.

మీరు నిజంగా వేగం కోరుకుంటే గడువు కన్నా వీటిని అడగండి: మీ జిల్లా కేసుల శాంపిళ్లు ఫోరెన్సిక్ ల్యాబులో ఎన్ని నెలలుగా ఉన్నాయి, పోక్సో కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టు నిండిందా, వాయిదాలు ఎవరు అడుగుతున్నారు. మీ వీధిలో నేరం జరిగి మీ సీసీ కెమెరాలో అది పడి ఉంటే క్లిప్‌ను గ్రూపులో పెట్టకండి. చాలా డీవీఆర్‌లు (కెమెరా దృశ్యాలను దాచే పెట్టెలు) కొద్ది రోజులకే పాత రికార్డింగును చెరిపేస్తాయి. వెంటనే పోలీసులకు చెప్పి డీవీఆర్‌ను పంచనామాతో స్వాధీనం చేయండి, రసీదు తీసుకోండి. కాపీ మాత్రమే ఇస్తే సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారిందో లేదో తేల్చే కోడ్) రాయాలి. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతుంది, దాని హ్యాష్ అసలు రికార్డింగుతో సరిపోదు.