అసలు కంటే కొసరు ముద్దయితే

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, భవానీ నగర్. మావాడు బ్రిస్బేన్‌లో ఉంటాడు. 2012లో నేనూ మా ఆయనా పోయినప్పుడు ఆదివారం వస్తే చాలు సిజ్లర్ అని ఒక హోటల్‌కి పిలుచుకుపోయేవాడు. అది స్టీక్, అంటే మందంగా కోసిన బీఫ్ ముక్క కాల్చి పెట్టే హోటలంట, మేము నీచు ముట్టం, అయినా మాకేం లోటు లేదు, సలాడ్లు, సూపు, పాస్తా, ఐస్‌క్రీము ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. చీజ్ పూసి కాల్చిన బ్రెడ్డు ఒకటి ఇస్తారు, ఆ రుచి ఇంకా నోట్లోనే ఉండాది. పోయినేడు మళ్లీ పోతే ఆ హోటలే లేదు, దేశంలోనే లేదంటాడు మావాడు. నిలబడి సీటు కోసం కాచుకున్న హోటల్ అట్లా ఎట్లా మూతపడుతుంది?

జవాబు: అమ్మా, కోపం తెచ్చుకోకుండా వినండి, దాన్ని మూయించిన వాళ్లలో మీరూ ఒకరు. స్టీక్ హోటల్‌కి పోయి స్టీక్ తినకుండా కడుపు నింపుకుని వచ్చిన వాళ్లు మీరొక్కరే కాదు, తర్వాత తర్వాత మాంసం తినేవాళ్లు కూడా అదే పని చేశారు.

మొదట్నుంచి చెప్తా. 1958లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన కల్వర్ సిటీలో డెల్ జాన్సన్, ఆయన భార్య హెలెన్ కలిసి పెట్టిన హోటల్ అది. అప్పట్లో స్టీక్ అంటే కోటేసుకుని పోయి, తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుని, వెయిటర్‌కి టిప్పు ఇచ్చి తినే తిండి. వీళ్లేం చేశారంటే మన బస్టాండ్ దగ్గర టిఫిన్ సెంటర్ ఉంటుంది చూడండి, ముందు కౌంటర్లో డబ్బులు కట్టి టోకెన్ తీసుకుంటాం కదా, దాదాపు ఆ పద్ధతి స్టీక్‌కి పెట్టారు. కౌంటర్లోనే ఆర్డరు, అక్కడే బిల్లు, వెయిటర్ల ఖర్చు తక్కువ కాబట్టి ప్లేటు రేటూ తక్కువ. ఇట్లాంటి చవక స్టీక్ హోటళ్లలో మాంసం మొదటి రకం ఉండదు, కొంచెం గట్టి ముక్కే, దాన్ని మెత్తబరిచే ఉపాయాలు ఉన్నాయి, అందులో ఒకటి మీకూ తెలిసిందే, ముదురు మటన్‌కి మనవాళ్లు పచ్చి బొప్పాయి పట్టిస్తారే, దాంట్లో ఉండే పపైన్ అనే ఎంజైమే అక్కడ పొడిగా దొరుకుతుంది. (తిరుపతిలో కూర్చుని స్టీక్ గురించి రాస్తా ఉండానని ఎవరూ ఉత్తరాలు రాయొద్దు, నేను వ్యాపారం గురించే చెప్తా ఉండా.)

ఆ దారి చూసి ఇంకొందరు దిగారు. 1963లో డాన్ బ్లాకర్ అనే టీవీ నటుడు తను నటించే సీరియల్ పేరు మీదనే బొనాంజా అని ఒకటి, 1965లో ఇండియానా రాష్ట్రంలో కొకొమో అనే ఊళ్లో పాండెరోసా అని ఇంకొకటి. ఆ సీరియల్లో ఉండే పశువుల ఎస్టేటు పేరు పాండెరోసా, చూడండి మరి వాడకం ఎట్లా ఉందో. ఫ్యాక్టరీ పనివాళ్లు, చిన్న ఉద్యోగాల వాళ్లు పిల్లాజెల్లతో వచ్చి తక్కువ ఖర్చులో మారాజుల్లా తిని పోయే చోట్లు అవి.

తకరారు ఎక్కడొచ్చిందంటే మాంసం రేటు దగ్గర. 1973లో అమెరికాలో బీఫ్ ధర ఎంత మండిందంటే ఆడవాళ్లు మాంసం కొనం అని బాయ్‌కాట్ చేశారు, నిక్సన్ ప్రభుత్వం రేటు దాటకూడదని సీలింగ్ పెట్టింది. చవక అని పేరు పెట్టుకున్నోడు రేటు పెంచలేడు, పెంచకపోతే మిగలదు. అప్పుడు ఈ హోటళ్లకి దొరికిన మందే సలాడ్ బార్, అంటే ఎవరికి కావాల్సింది వాళ్లే పెట్టుకునే సలాడ్ గిన్నెల వరస. ఆకుకూర, క్యారెట్టు, బీన్సు మాంసం కంటే ఎంతో చవక, జనం అవి ముందు తింటే ముక్క చిన్నదైనా కడుపు నిండిన తృప్తి ఉంటుంది. మన దగ్గర సంగటి ముద్ద పెద్దది పెట్టి నాటుకోడి ముక్కలు మూడు వేస్తే ఎవరూ గొడవ చెయ్యరు కదా, అదే లెక్క. ఇంతవరకు ఆ ఆలోచనలో తప్పేం లేదంటాను నేను.

కానీ 80ల్లో ఆ బార్ పెరిగి పెరిగి టాకోలు, పాస్తా, చికెన్ రెక్కలు, డెజర్ట్‌లు అన్నీ వచ్చి బఫే అయిపోయింది. ఇక స్టీక్ ఎవడు కొంటాడు? బఫే ఒక్కటే తీసుకుని రెండు గంటలు కూర్చుంటారు. కిచెన్లో చూస్తే ఒక హోటల్ కాదు రెండు హోటళ్లు నడుస్తున్నట్టు, స్టీక్ కాల్చేవాడు ఒకడు, ఈ గిన్నెలు నింపేవాళ్లు నలుగురు, మిగిలింది పారబోసేది వేరే. అసలు కంటే కొసరు ముద్దు అంటారే, ఇక్కడ కొసరే అసలైపోయి అసలు మూలన పడింది. సరిగ్గా అదే టైమ్‌లో, 1988లో ఔట్‌బ్యాక్ అని కొత్త చైన్ వచ్చింది, కొంచెం డబ్బు ఎక్కువైనా కూర్చోబెట్టి వడ్డిస్తారు, ముక్క కూడా బాగుంటుంది. కింద చూస్తే బర్గర్ షాపులు ఇంకా చవక. వీళ్లు మధ్యలో ఇరుక్కున్నారు. 1996లో సిజ్లర్ చాప్టర్ 11 పెట్టింది, అంటే దుకాణం కట్టేయడం కాదు, కోర్టుకి పోయి అప్పులోళ్ల దగ్గర గడువు తీసుకుని సర్దుకోవడం, ఆ సర్దుబాటులో వందకి పైగా హోటళ్లు మూసేశారు. 2000లో మిల్వాకీ ప్రాంతంలో ఒక బ్రాంచ్‌లో పచ్చిమాంసం నుంచి ఈ-కోలై క్రిమి పుచ్చకాయ ముక్కలకి అంటుకుని పదుల మంది జబ్బుపడ్డారు, మూడేళ్ల పాప చనిపోయింది. పుచ్చకాయ అండీ, మాంసం కాదు. పచ్చిమాంసమూ కోసిన పళ్లూ ఒకే కిచెన్లో పెట్టుకుంటే ఎంత జాగ్రత్త కావాలో చూడండి.

మీ బ్రిస్బేన్ కథ కూడా ఇదే దారి. ఆస్ట్రేలియాలో మొదటి సిజ్లర్ 1985లో బ్రిస్బేన్లోనే ఆనర్లీ అనే పేటలో పెట్టారు. 2006లో అదే ఊళ్లో ఎవరో సలాడ్ బార్ తిండిలో ఎలుకల మందు కలిపితే కొన్నాళ్లు బార్లన్నీ ఆపేశారు. మీరు పోయిన 2012 నాటికే బ్రాంచ్‌లు ఒక్కొక్కటే తగ్గుతా ఉండాయి, మీకు కనపడిన రద్దీ ఆదివారం రద్దీ. అక్కడ సిజ్లర్ నడిపిన కంపెనీ వాళ్లకి కేఎఫ్‌సీలు కూడా ఉన్నాయి, పైసా పెట్టాలంటే దేని మీద పెడతారో మీరే చెప్పండి. చివరికి కరోనా వచ్చింది, పదిమంది ఒకే గరిట పట్టుకునే హోటల్‌కి అంతకంటే శత్రువు ఎవరు, మిగిలిన తొమ్మిదీ 2020 నవంబర్ 15న మూసేశారు. అదే ఏడాది సెప్టెంబర్లో అమెరికా కంపెనీ కూడా రెండోసారి కోర్టుకెక్కింది, కానీ అది పూర్తిగా పోలేదు. థాయిలాండ్‌లో అయితే దర్జాగా నడుస్తా ఉండాది. మీవాడు బ్యాంకాక్ పోదాం అంటే వద్దనకండి.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు, గాంధీ బొమ్మ దగ్గర మా మామ రూమ్ ఖాళీగా ఉంది. చికెన్ కూరతో అన్‌లిమిటెడ్ భోజనం పెడదామని నేనూ నా ఫ్రెండూ అనుకుంటా ఉండాం. ఫస్ట్ మూడు నెలలు లాభం లేకపోయినా పర్లేదు, జనం అలవాటు పడితే చాలు అంటాడు వాడు. కరెక్టేనా?

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండు మాట వింటే నాకు భయమేసింది. నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు మేం తినే మెస్ ఒకటి ఉండేది, పేరొద్దు, ఆయన మంచి మనిషి. చికెన్ గ్రేవీ అన్‌లిమిటెడ్ అన్నాడు, బాగా నడిచింది, పక్కనోడు పోటీకొస్తే ఆమ్లెట్ ఫ్రీ అన్నాడు, తర్వాత ఆదివారం పాయసం, తర్వాత వడ. మేము వడ కోసమే పోయేవాళ్లం, నిజం చెప్తా ఉండా, చికెన్ బాగుందో లేదో కూడా చూసేవాళ్లం కాదు. గ్రేవీ పల్చబడింది, ముక్కలు మాయమయ్యాయి, ఒకరోజు ఆ వడ కూడా ఆపితే మేమంతా పక్కనోడి దగ్గరికి పోయినాం. ఆయన మెస్ మూసి ఊరికి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. పైన అమ్మకి రాసిన జవాబు ఇంకోసారి చదువు, ఊరు వేరే, కథ అదే.

అన్‌లిమిటెడ్ పెట్టు, కానీ అన్నం, సాంబారు, రసం, మజ్జిగ వరకే. చికెన్ కప్పు లెక్కన ఇవ్వు, రెండో కప్పుకి డబ్బులు తీసుకో, రేటు బోర్డు మీద పెద్దగా రాయి. కోడి రేటు వారం వారం మారుతుంది, కప్పు లెక్కుంటే కప్పు సైజో రేటో సర్దుకోవచ్చు, అన్‌లిమిటెడ్ అని బోర్డు పెట్టినాక సర్దుకోడానికి ఏముంటుంది? ఇంకోటి, ఫ్రీగా ఇచ్చేది ఏదైనా సరే, ఒకసారి మొదలెడితే తీసెయ్యలేవు, జనం దాన్ని హక్కనుకుంటారు. మొదలెట్టే ముందే అనుకో, దీన్ని పదేళ్లు ఇవ్వగలనా అని.

ప్రశ్న: మన దగ్గర పొగలు కక్కుతా వచ్చే సిజ్లర్ ప్లేటు ఆ కంపెనీదేనా? - ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: కాదు. మన సిజ్లర్ 1960ల్లో బొంబాయిలో ఫిరోజ్ ఎరానీ అనే ఆయన మొదలుపెట్టాడంటారు. ఇనుప పెనం, కింద చెక్క పళ్లెం, మధ్యలో క్యాబేజీ ఆకు. ఆ ఆకు తినమని కాదు, మాడకుండా అడ్డం పెట్టేది, మా బావ ప్రతిసారీ తింటాడు. ఆ పొగ చొక్కాకి పడితే ఇంటికొచ్చేదాకా పోదు, పెళ్లిచూపులకి పోతా దారిలో తినొద్దు.

ప్రశ్న: పాండెరోసా ఇంకా ఉందా? మా అల్లుడు ఒహాయోలో చూశానంటాడు. - పలమనేరు నుంచి

జవాబు: అబద్ధం చెప్పి ఉండడు లెండి, కొన్ని మిగిలాయి. 1988లో పాండెరోసానీ ఏడాది తర్వాత బొనాంజానీ మెట్రోమీడియా అనే పెద్ద గ్రూపు కొనేసింది, ఆనాటి పోటీదారులు ఇద్దరూ ఒక ఇంటి తోడికోడళ్లయ్యారు. 2008 జూలైలో అదే గ్రూపుకి చెందిన బెన్నిగన్స్ హోటళ్లు చానా ఊళ్లలో రాత్రికి రాత్రి మూతపడ్డాయి, పనోళ్లు పొద్దున వచ్చి చూస్తే తాళం. అక్టోబర్లో ఈ తోడికోడళ్ల కంపెనీ కూడా చాప్టర్ 11 పెట్టింది. 2017లో ఫ్యాట్ బ్రాండ్స్ అనే కంపెనీ వీటిని కొనుక్కుంది. మీరు పోయేటప్పటికి ఉంటే ఒకసారి కూర్చుని చూడండి, కౌంటర్లో ట్రే జరుపుకుంటా పోయే లైను మన కొండమీద అన్నప్రసాదం క్యూ అంత ఉండదు గానీ, ఆకలి మాత్రం అంతే వేస్తుంది.

ప్రశ్న: (మొదటి ఉత్తరం అమ్మే, వెనకవైపు రాశారు) ఆ చీజ్ బ్రెడ్డు ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. మందంగా కోసిన బ్రెడ్డు, మెత్తటి వెన్నలో తురిమిన గట్టి చీజ్ కలిపి ఒకవైపే పూయండి. వాళ్లు వాడేది పెకొరినో అనే ఉప్పటి చీజ్, అది దొరక్కపోతే పార్మెజాన్ పొడి వేసుకోండి, మామూలు స్లైస్ చీజ్ వద్దు, సాగుతుంది. పూసిన వైపు పెనం మీద పెట్టి, సన్నటి మంట మీద బంగారు రంగొచ్చేదాకా కాల్చండి, రెండోవైపు తిప్పకండి. చీజ్‌లో ఉప్పుంటుంది, వెన్న ఉప్పు లేనిది తీసుకోండి. ఇంటాయనకి బీపీ ఉంటే ఒకటే.