చీరల కొట్టులో ‘నచ్చలేదు’ అనలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 29 సంవత్సరాలు. పెళ్లయ్యాక విజయవాడలో ఉంటున్నాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ బాగానే మాట్లాడతాను గానీ, కొట్టుకు వెళ్లాలంటే ముందు రోజు నుంచే గుండె దడ మొదలవుతుంది. చీరల కొట్టులో సేల్స్‌మన్ పరుపు మీద పది చీరల మడతలు విప్పేసరికి, ఒక్కటీ నచ్చకపోయినా, ఆయన్ను అంత శ్రమ పెట్టినందుకు ఏదో ఒకటి కొని బయటపడతాను. అలా కొన్నవి మూడు చీరలు బీరువాలో కట్టకుండా ఉన్నాయి. ఒకసారి కిరాణా కొట్టులో వెనక నలుగురు నిలబడి ఉండగా ఫోనులో పిన్ రెండుసార్లు తప్పు నొక్కాను. అప్పటి నుంచి సరుకులన్నీ యాప్‌లోనే తెప్పిస్తున్నాను. మావారు ఇది ఉత్త మొహమాటం అంటారు. అత్తయ్యగారు బేరం చేయడం రాని పిల్లనంటారు. ఇది జబ్బా, నా స్వభావమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారు అన్న మాటతోనే మొదలుపెడతాను. పేరంటానికి వెళ్లినచోట ఇంకో గరిటె వడ్డిస్తుంటే చాలని చెప్పలేకపోవడం మొహమాటం. ఇంటికి వచ్చేసరికి దాని సంగతే మరచిపోతాం. ముందు రోజే గుండె దడ మొదలై, కౌంటరు దగ్గర వేళ్లు వణికి, చివరికి కొట్టుకే వెళ్లడం మానేసేదాకా వచ్చినప్పుడు దాన్ని మొహమాటం అని తేల్చేయడం మీకు న్యాయం చేయదు. నలుగురి ముందు తప్పు చేస్తామేమో, చిన్నబోతామేమో అన్న ఇలాంటి భయాన్ని మానసిక వైద్యులు సోషల్ యాంగ్జైటీ అంటారు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో 1980లోనే సోషల్ ఫోబియా పేరుతో దీనికి చోటు దక్కింది. సాధారణంగా ఆరు నెలలకు పైగా ఉండి, రోజువారీ పనులకు అడ్డు తగులుతుంటేనే దీన్ని రుగ్మతగా లెక్కిస్తారు. ఎప్పటి నుంచి ఇలా ఉందో మీరు రాయలేదు కాబట్టి మీది రుగ్మతేనని నేను తేల్చి చెప్పడం లేదు.

పిన్ తప్పు నొక్కిన రోజున మీ దృష్టి ఎక్కడుందో గుర్తు చేసుకోండి. వెనక నిలబడినవాళ్ల ముఖాలు మీకు గుర్తుండవు గానీ, మీ వేళ్లు ఎంత వణికాయో మాత్రం గుర్తుండే ఉంటుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే బ్రిటిష్ మానసిక శాస్త్రవేత్తలు 1995లో చెప్పింది ఇదే: ఆందోళన పడే మనిషి దృష్టి లోపలికి తిరుగుతుంది, తన గొంతు, తన చెమట, తన వణుకు తనకు ఎంత పెద్దగా తెలుస్తున్నాయో ఎదుటివాళ్లకూ అంతే పెద్దగా కనిపిస్తున్నాయని ఆ మనిషి నమ్ముతుంది. దానికి తోడు, గండం గడవడానికి చేసే చిన్న చిన్న ఉపాయాలు ఉంటాయి. అడగవలసిన మాటను దారిపొడవునా వల్లె వేసుకోవడం, నచ్చని చీర కొనేయడం, యాప్‌ను ఆశ్రయించడం అలాంటివే. వాటివల్ల ఆ పూటకు ఊరట దొరుకుతుంది, కానీ ‘నచ్చలేదు’ అని ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం పోతుంది, భయం చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది.

మనం అనుకున్నంతగా మనల్ని ఎవరూ గమనించరనడానికి ఒక సరదా ప్రయోగం ఉంది. 2000లో ప్రచురించిన ఆ పరిశోధనలో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థులను వాళ్లు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టుతో తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది తమ బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది పావువంతు మందే. కిరాణా కొట్టులో మీ వెనక నిలబడ్డ నలుగురూ బహుశా తమ సరుకుల చీటీ చూసుకుంటూ ఉండి ఉంటారు.

ఇక సాధన. రైతు బజారుతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్కడ ధర బోర్డు మీదే రాసి ఉంటుంది, బేరం గొడవ ఉండదు. వంకాయలు ఈ రోజు కోసినవేనా అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు చెబుతున్న మనిషి ముఖం చూడండి. బయల్దేరే ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక పుస్తకంలో రాసుకుని, వచ్చాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. ఈ రెండో వరుస మానేస్తే సాధనకు అర్థం లేదు. అది అలవాటయ్యాక కిరాణా కొట్టులో నోటు ఇచ్చి, చిల్లర అక్కడే నిలబడి తొందరపడకుండా లెక్కపెట్టుకోండి. మీవారు తోడు వచ్చినా కొంచెం దూరంగా నిలబడాలి, మీ తరఫున మాట్లాడకూడదు. దడ మొదలైందని వెంటనే బయటికి రాకండి, కాసేపు అక్కడే ఉంటే అది సాధారణంగా తనంతట తానే దిగుతుంది. బేరం మాత్రం ఇప్పుడే వద్దు. అత్తయ్యగారికి అది ఒక వినోదం, మీకు కాదు. రాకపోయినా లోపమేమీ లేదు.

చీరల కొట్టుకు ఆషాఢం తగ్గింపుల రద్దీలో కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతపెట్టడం ఆయన రోజంతా చేసే ఉద్యోగమే, మీకోసం ప్రత్యేకంగా చేసిన ఉపకారం కాదు. ‘నచ్చలేదండీ’ అని లేచి రండి. రంగు గురించో, మళ్లీ వస్తాననో సాకు కలిపారంటే అదీ మరో రక్షణ ఉపాయమే అవుతుంది.

కొన్ని వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా దీనివల్ల ఉద్యోగానికీ ఇబ్బంది వస్తుంటే, సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. ఆలోచనల తీరునూ అలవాట్లనూ మాటల ద్వారా, సాధన ద్వారా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి. కొట్టు ఊసు లేనప్పుడు కూడా చేతులు వణుకుతూ, దడగా ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే, ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

బీరువాలోని మూడు చీరల్లో ఫాల్ కుట్టించనిది, ఈమధ్యే కొన్నది, బిల్లు ఉన్నది ఏదైనా ఉంటే, సాధన కొంత సాగాక దాన్ని తీసుకుని అదే కొట్టుకు వెళ్లి, మార్చి ఇస్తారా అని అడగండి. కుదరదంటే చీరతోనే తిరిగి రండి. ఆ రోజుకు అడగడమే మీ పని.