మోకాలి జర్క్‌లో ఇంటర్‌న్యూరాన్ ఉందా లేదా?

ఒక బుక్‌లో మోకాలి జర్క్‌కి (మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరడం) ఇంటర్‌న్యూరాన్ (రెండు న్యూరాన్ల, అంటే నరాల కణాల, మధ్య కబురు మోసే న్యూరాన్) లేదని, ఇంకో దాంట్లో ఉందని చదివి బుర్ర వేడెక్కిందన్నారు కదా, రెండూ కరెక్టే అండి. సుత్తితో కొట్టగానే తొడ ముందు కండరం సాగుతుంది, ఆ కబురు తెచ్చే సెన్సరీ న్యూరాన్ వెన్నుపాములో కండరాన్ని కదిలించే మోటార్ న్యూరాన్‌కి డైరెక్ట్‌గా తగులుతుంది, మధ్యలో ఎవరూ లేరు, కాలు లేచేది అందుకే. కానీ అదే టైమ్‌లో తొడ వెనక కండరం వదులవ్వాలి, లేకపోతే రెండూ చెరోవైపు లాగుతూ కూర్చుంటాయి. సమస్యేంటంటే సెన్సరీ న్యూరాన్‌కి గ్లుటమేట్ అనే రసాయనం వదిలి పక్కదాన్ని రెచ్చగొట్టడమే తెలుసు, ఆపడం రాదు. అందుకని దాని కొమ్మ ఒకటి వెళ్లి ఇంటర్‌న్యూరాన్‌ని తడుతుంది, అది గ్లైసిన్ అనే ఆపే రసాయనం వదిలి వెనక కండరం మోటార్ న్యూరాన్ నోరు మూయిస్తుంది. డయాగ్రమ్‌లో ఇది కూడా గీయండి.

ఇంటర్‌న్యూరాన్ స్ట్రక్చర్ అంటారా, మిగతా న్యూరాన్లలాగే సెల్ బాడీ, డెండ్రైట్లు (కబురు అందుకునే కొమ్మలు), ఆక్సాన్ (కబురు బయటికి పంపే తీగ), అంతే. చాలావాటికి ఆక్సాన్ పొట్టిదే, కానీ అన్నిటికీ అని మాత్రం రాయకండి, వెన్నుపాములో కొన్ని సెగ్మెంట్లు (భాగాలు) దాటి వెళ్లేవీ ఉన్నాయి.

ఇవి పనిచేయకపోతే ఏమవుతుందో ధనుర్వాతంలో చూడొచ్చు. టెటనస్ విషం ఈ ఆపే ఇంటర్‌న్యూరాన్ల నుంచి గ్లైసిన్, గాబా (ఇదీ ఆపే రసాయనమే) బయటికి రాకుండా చేస్తుంది, ఇక బ్రేకు లేక కండరాలన్నీ బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగిపోతుంది, ధనుస్సు అన్న పేరే అందుకొచ్చింది. ముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్‌దీ దగ్గర దగ్గర అదే కథ, కాకపోతే అది గ్లైసిన్ రిసెప్టర్‌ని (గ్లైసిన్‌ని అందుకునే చోటుని) మూసేస్తుంది.